తమ్ముడి కార్డు వద్దన్నాను

జూన్ 17, సోమవారం

షాపుకి వేరే క్రెడిట్ కార్డు తీసుకోక తప్పదు. కర్టెన్ బట్ట, కుషన్లలోకి ఫోమ్, కొరియర్, ఇంట్లోకి పాలూ కూరగాయలూ, అన్నీ ఒకే కార్డు మీద గీకుతున్నాను. ఏది షాపుదో ఏది ఇంటిదో నాకే తెలియడం లేదు. ఆడిటర్ గారు ఈసారి నవ్వలేదు కూడా. ఎలాగూ ఖర్చు పెడుతున్నావు కదమ్మా, రివార్డ్స్ వచ్చేది చూసి తీసుకో అన్నారు.

జూన్ 19, బుధవారం

తమ్ముడికి ఎలా తెలిసిందో. మధ్యాహ్నం టై కట్టుకుని షాపుకి దిగాడు. రెండేళ్లు ఖాళీగా ఉన్నాక దొరికిన ఉద్యోగం. ఒక బ్యాంకు కార్డులు అమ్మాలి. ఆ టై నేనే కుట్టాను, మిగిలిపోయిన కర్టెన్ ముక్కతో. బయట ఎవరికీ తెలియదు.

నీకోసమే పుట్టిన కార్డు అక్కా అన్నాడు. విమానం టికెట్ల మీద అయిదు రెట్లు పాయింట్లట. హోటళ్ల మీద పాయింట్లట. ఎయిర్‌పోర్టులో లాంజ్ ఫ్రీ అట. నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. బట్ట కొనడానికి వెళ్లేది బస్సులో. బస్టాండులో లాంజ్ ఉంటుందేమో కనుక్కోరా అన్నాను. మా టైలర్ మాస్టారు మిషన్ ఆపి మరీ నవ్వారు.

తమ్ముడు నవ్వలేదు. ఆలోచించి చెప్తానన్నాను.

జూన్ 20, గురువారం

ఆలోచించడానికి ఏముంది. వాడి కార్డుకి ఏడాది ఫీజు ఎక్కువే. టోకున బట్ట కొంటే పాయింట్లు లేవు. కొరియర్‌కి లేవు. కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. నా ఖర్చంతా ఆ రెండే.

వీధి చివర ఉన్న ఇంకో బ్యాంకుకి వెళ్లాను. వాళ్ల కార్డు బూడిద రంగులో నీరసంగా ఉంది. కానీ ఏది కొన్నా కొంత డబ్బు వెనక్కి వస్తుంది. ఫీజు లేదు. కౌంటర్లో అమ్మాయి ఇంకో మాట చెప్పింది. నెలనెలా బిల్లు పూర్తిగా కట్టేస్తేనే లాభం మేడమ్, మిగిల్చారంటే వచ్చిన రివార్డ్స్‌ని వడ్డీ మింగేస్తుంది అంది. ఈ మాట తమ్ముడు చెప్పలేదు.

జూన్ 23, ఆదివారం

మరదలు ఫోన్ చేసింది. మీ తమ్ముడు సరిగ్గా తినడం లేదు వదినా అంది. ఈ నెల టార్గెట్‌కి ఒక్క కార్డు తగ్గిందట. అది పూర్తి కాకపోతే ఉద్యోగం పర్మనెంట్ కాదట. నన్ను తీసుకోమని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే కోప్పడేదాన్ని. అడగలేదు కాబట్టి ఏమీ తోచడం లేదు.

జూన్ 24, సోమవారం

పోతే ఫీజు పోతుంది, తమ్ముడు కదా. పొద్దున అలా అనుకున్నాను. షాపుకి వచ్చాక మాస్టారికివ్వాల్సిన జీతం గుర్తొచ్చి వద్దనిపించింది. సాయంత్రానికి మళ్లీ సరేననిపించింది.

జూన్ 25, ఉదయం 11 గంటలు

ఫోన్‌కి మెసేజ్. మీ అప్లికేషన్ అందింది, ధన్యవాదాలు అని.

నేను ఏ అప్లికేషనూ పెట్టలేదు.

జూన్ 25, సాయంత్రం

వాడే పెట్టాడు. షాపు లైసెన్స్ పని మీద నేనిచ్చిన కాగితాలు వాడి దగ్గరే ఉండిపోయాయి. ఫోన్ చేసి నిలదీశాను. నువ్వెలాగూ కాదనవు కదక్కా అన్నాడు.

కాదంటున్నాను అన్నాను. నీ కార్డు నాకొద్దు, నన్నడక్కుండా నా సంతకం పెట్టడం అసలే వద్దు అన్నాను.

అమ్మ పోయాక వాణ్ని పెంచింది నేను. వాడికి కాదని చెప్పిన గుర్తు లేదు. సరే అక్కా అని ఫోన్ పెట్టేశాడు.

జూన్ 26, బుధవారం

వాడి నుంచి ఫోన్ లేదు. రెండు కర్టెన్లు పొట్టిగా కోసేశాను. మాస్టారు వాటికి కింద అంచు అతికి కుట్టారు.

జూన్ 27, గురువారం

షట్టర్ తీస్తుంటే వెనకాల నిలబడి ఉన్నాడు. టై లేదు. అప్లికేషన్ రద్దయిన మెసేజ్ చూపించాడు. అక్కకి తెలియకుండా పెట్టానని మేనేజర్ దగ్గర తనే ఒప్పుకున్నాడట. చీవాట్లు పడ్డాయట. ఉద్యోగం ఉందో ఊడిందో సోమవారం చెప్తారట. ఏడుస్తాడనుకున్నాను. టీ ఉందా అని అడిగాడు.

సగం తాగాక చెప్పాడు. అది నీకు పనికిరాదని మొదటిరోజే తెలుసక్కా, అందుకే నువ్వు జోకేస్తే నవ్వు రాలేదు. నువ్వు ఊ అంటే ఏం చేయాలా అని ఒక పక్క భయంగానే ఉండేది.

నాకు కోపం అక్కడికక్కడే జారిపోయింది. ఎంత పట్టుకుందామన్నా నిలవలేదు.

పనికొచ్చేవాళ్లు ఎక్కడో ఉంటారు కదరా అన్నాను. అందరి దగ్గరా ఒకే పాట పాడకుండా, వాళ్ల డబ్బు ఎటు పోతోందో ముందు అడగమన్నాను. మా పైఅంతస్తులో ఒక ఫొటోగ్రాఫర్ ఉంటుంది. ఇవాళ ఈ ఊళ్లో ఫొటోలు తీస్తే రేపు ఇంకో ఊళ్లో తీస్తుంది, తిరిగేదంతా విమానాల్లోనే. నేను సిఫార్సు చేయను, నువ్వే వెళ్లు అన్నాను.

మెట్లెక్కినవాడు ఎంతకీ దిగలేదు. ఫీజు సంగతి, వడ్డీ సంగతి ముందే చెప్పేశాడట. ఆవిడ లెక్క వేసుకుని, తనకి గిట్టుబాటేనని తీసుకుందట.

జూలై 1, సోమవారం

ఉద్యోగం ఉంది. ఇంకోసారి ఇలా చేస్తే ఇంటికేనని రాసిచ్చారట. మరదలు ఫోన్లో సగం మాటలు మింగేసింది. ఇవాళ కడుపునిండా తిన్నారు వదినా అన్నది మాత్రం స్పష్టంగా వినపడింది.

నేను వీధి చివరి బ్యాంకులో బూడిద రంగు కార్డుకి సంతకం పెట్టి వచ్చాను. గుండెల మీద కుంపటి దించినట్టుంది. దారిలో నాలో నేనే నవ్వుకున్నాను, ఎవరైనా చూశారేమో.

జూలై 5, శుక్రవారం

తమ్ముడు షాపుకి వచ్చి, డెలివరీకి కట్టిపెట్టిన కుషన్ల మీద పడి నిద్రపోయాడు. నోరు తెరిచి. కస్టమర్ వచ్చి చూసి, రేపు తీసుకెళ్తాలెండి అని వెళ్లిపోయింది. మిషన్ చప్పుడుకి లేస్తాడని మాస్టారు చేత్తో కుడుతున్నారు.