మైకులో పలకాల్సిన మంత్రం

లీడరూ,

క్షేమసమాచారాలు అడిగే ఓపిక నాకు లేదు. నిన్న చిక్కుముడులు విప్పి తాళం వేసిన గదిలోంచి బయటపడే ఆ ఎస్కేప్ రూమ్‌లో, మన జట్టుకి లీడరువై మా చెల్లితో నువ్వు ఆడింది సరదా ఆట కాదు.

మాంత్రికుడి గదిలా అలంకరించిన ఆ గదిలో మనమంతా దిక్కుతోచక తిరుగుతుంటే, అద్దంలో తిరగబడి కనిపించిన అక్షరాలు చదివి మంత్రం కనిపెట్టింది మా చెల్లే. తలుపు తెరుచుకోవాలంటే ఎవరో ఒకరు ఆ మంత్రాన్ని మైకులో పలకాలి. చెల్లి నా చెవిలో చెప్పబోతే నువ్వు అడ్డొచ్చి, "కనిపెట్టినవాళ్లే చెప్పాలి" అన్నావు. దానికి నత్తి అని నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పాపం, మొదటి అక్షరం దగ్గరే అది తంటాలు పడుతుంటే, నువ్వు ఫోన్‌లో వీడియో తీస్తూ, "త్వరగా కానీవే, తలుపుకి నిద్రొస్తోంది" అని అందరినీ నవ్వించావు. చివరికి ఆ మైకు లాక్కుని మంత్రం నేను చెప్పాను. బయటికొచ్చాక గెలిచామంటూ ఫోటో కూడా దిగావు.

ముందు ఆ వీడియో నీ ఫోన్‌లోంచి తీసెయ్. ఇక మా గుమ్మం తొక్కొద్దని కూడా రాయబోతుంటే, చెల్లి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నే... నేనే వె... వెళ్లి అడుగుతానక్కా" అంది.

ఆదివారం మీ ఇంటికి వస్తుంది. దానికి ఎంతసేపు పట్టినా మధ్యలో మాట అందించకు. కూర్చుని, చివరిదాకా విను.

దాని అక్క