ఉసేనప్ప ఇంటి రాయి

బళేపేట, బెంగళూరు
18-1-1984

మా బుడన్‌సాబు మామకు ఉసేనప్ప దండం పెట్టి రాసేది.

మామా, ఇంతవరకు నీకు పెళ్ళికబురో చావుకబురో తప్ప రాయలా. ఇది ఆ రెండూ కాదు. ఇంకొకరి చేత రాయించలా, నేనే రాస్తా ఉండా. అక్షరాలు వంకర పోయింటే అద్దాలు తుడుచుకొని చదువుకో.

నా కొడుకు చంద్రశేఖరుడు రాజాజీనగరలో ఇల్లు కట్టినాడని నీకు తెలుసు కదా. వచ్చే నెల గృహప్రవేశం. మొన్న ఆదివారం "రా నాయనా, నీకొకటి చూపిస్తా" అని పిలుచుకొని పోయినాడు. గేటు పక్క గోడకు నల్లరాయి పలక పెట్టి గుడ్డ కప్పినాడు. గుడ్డ తీసినాడు. కన్నడంలో చెక్కించి ఉండాది, "ఉమేశప్ప నిలయ" అని.

"ఎవరప్పా ఈ ఉమేశప్ప? మేస్త్రీనా?" అన్నా.

"నువ్వే నాయనా" అన్నాడు.

నేను ఆ అక్షరాలను మళ్ళీ కూడబలుక్కుంటా ఉంటే వాడే చెప్పినాడు. "మా బ్యాంకు మేనేజరు వస్తాడు, ఆఫీసోళ్ళంతా వస్తారు. ఉసేనప్ప అంటే ఇదేం పేరు, మీరు సాయిబులా, ఎవరు అని అడగరా? ఒక్కొక్కరికీ కథ చెప్పుకుంటా కూర్చోవాలా? అందుకే దగ్గరగా ఉండే పేరు వెతికి పెట్టినా."

మామా, వాడు చెడ్డోడు కాదు. వాడి పేరు, పెండ్లాం పేరు పెట్టుకోకుండా నాయన పేరు పెట్టాలనే అనుకున్నాడు. ప్రేమతోనే చెక్కించినాడు. నొప్పి అక్కడే ఉండాది. తిట్టింటే నేనూ నాలుగు తిట్టి మర్చిపోయిందును.

నీకు తెలియనిదా. మా అమ్మకు నా ముందు పుట్టినోళ్ళు ఒకరూ నిలవలా. నేను కడుపులో ఉన్నప్పుడు, మీ నాయన మొహరానికి ఎత్తుకునే ఉసేను పీరు ముందర నిలబడి, ఈ బిడ్డ బతికితే నీ పేరే పెట్టుకుంటా స్వామీ అని మొక్కింది. నేను బతికినా. మీ నాయనే నా చెవిలో పేరు చెప్పి నోట్లో చక్కెర వేసినాడంట. మొహరం వస్తే మా అమ్మ నాకు పచ్చచొక్కా తొడిగి, మెడలో ఎర్రదారం వేసి, ఫకీరును చేసి ఇండ్లిండ్లకు అడుక్కొని రమ్మనేది. మన ఊర్లో ఉసేనప్పలు, మస్తానప్పలు, ఫకీరప్పలు ఎంతమంది! అందరూ తిరపతికి పోయి గుండు కొట్టించుకొని వచ్చేవాళ్ళే. మీరు ఎవరని ఎవరూ అడగలా.

కాబట్టి నేను తీర్మానం చేసుకున్నా. ఆ ఇంట్లో ఆ ఉమేశప్పనే ఉండనీ. గృహప్రవేశం ముందురోజు నేను బస్సెక్కి ఊరికి వస్తా. పీర్ల చావిడి పక్క గది ఖాళీగానే ఉండాది కదా, సున్నం కొట్టించి పెట్టు. ఇంట్లో ఎవరికీ చెప్పలా. నువ్వూ నోరు జారొద్దు.

మీ నాయన పెట్టిన పేరు గలవాడు,
ఉసేనప్ప


బళేపేట
7-2-1984

మామా బుడన్‌సాబూ, నీ అల్లుడు దండం పెట్టి, నవ్వుకుంటా రాసేది.

గదికి సున్నం కొట్టించినావా? కొట్టించకుంటే వద్దు. కొట్టించింటే నీ మేకలను కట్టేసుకో. నేను రాను.

నా మనవరాలు వెంకటలక్ష్మి బడిలో రహీమున్నీసా అని ఒక టీచరమ్మ ఉండాది. ఈ ఏడు బడి పండుగలో మన పేటల సాయిబుల పాటలు, పనితనం, తిండి, పండుగలు పిల్లలకు చూపించాలని ఆమె పట్టుబట్టిందంట. "వాళ్ళ నుంచి మీ ఇంటికి వచ్చింది ఏదన్నా తీసుకొని రండి" అని పిల్లలకు చెప్పింది. ఒకడు అత్తరు బుడ్డి తెస్తా అన్నాడు. మాది లేచి, "మా ఇంట్లో మా తాత ఉండాడు మిస్, తీసుకొని వస్తా" అనిందంట.

"నేనేమన్నా అత్తరు బుడ్డినా? పో" అన్నా.

"నువ్వు అంత వాసన రావులే తాతా, అయినా రా" అనింది. అట్లా చెప్పినాక పోకుండా ఎట్లా ఉండేది?

పోయిన శనివారం బడి ముందర షామియానా వేసినారు. పిల్లలు ఖవ్వాలీ పాడినారు. ఒక ముసలి సాయిబు బొంగుకలం పట్టుకొని పిల్లల పేర్లన్నీ ఉరుదూలో రాసిస్తా ఉండాడు. మా వెంకటలక్ష్మి పేరు కుడి నుంచి ఎడమకు మల్లెతీగ మాదిరి పాకింది. అప్పుడు టీచరమ్మ మైకు నా చేతికిచ్చింది. నాకు ఉపన్యాసాలు రావు. మా అమ్మ మొక్కు, మీ నాయన చక్కెర, అంతే చెప్పినా. ముందు వరసలో కోటు వేసుకున్న సాయిబు ఒకాయన లేచి, మర్యాదగానే, "పెద్దాయనా, పీర్లకు మొక్కేది మా మతంలో లేదు" అన్నాడు.

"మీ మతంలో లేకుంటే పోనీ స్వామీ, నా పేరులో ఉండాది. నేనేం చేసేది?" అన్నా. ముందు నవ్వింది ఆయనే.

అంతలో వెనక నుంచి ఒక గొంతు. "ఏ ఊరు ఉసేనప్పా నీది?"

"చిలమత్తూరు పక్క."

"మాది కదిరి పక్క. మా అమ్మ పేరు ఉసేనమ్మ!" అనుకుంటా ఒక బట్టతలాయన నేరుగా స్టేజీ ఎక్కి నన్ను కావలించుకున్నాడు. ఆయన మనవడు కూడా ఆ బడేనంట. "అలాయి తొక్కుదామా?" అన్నాడు. మొహరానికి మాదిరి చుట్టూ తిరిగి ఆడేదానికి నిప్పులగుండం లేదు, తప్పెట లేదు. బడి డ్రమ్ము కొట్టిస్తే ఇద్దరం గుండ్రంగా తిరుగుతా అడుగులు వేసినాము. పిల్లలంతా వెనక చేరినారు. నా మోకాళ్ళు ఇప్పటికీ నన్ను తిడతా ఉండాయి.

దిగి వస్తే, కూతురి బడి పండుగ చూసేదానికి వచ్చిన నా కొడుకు మొహంలో నెత్తురు లేదు.

"ఏమప్పా?"

"నాయనా, ఆయనే మా మేనేజరు ఆవులప్ప."

ఎవరికి జడిసి నా పేరు మార్చినాడో ఆయనకు తల్లి పేరే అది! ఆవులప్ప వీడి వీపు మీద చరిచి, "ఏమయ్యా, ఇన్నేండ్లుగా నా ఎదురుగా కూర్చోనుండావు, మీ నాయన పేరు ఎప్పుడన్నా చెప్పినావా? హెచ్. చంద్రశేఖర్ అంటే హనుమంతప్ప కొడుకువేమో అనుకున్నా" అన్నాడు. కాగితాల్లో నేను హుసేనప్పను కదా, ఆ హెచ్ అదే.

బళేపేటకు వచ్చినాక వీడు గడప దగ్గర నిలబడి, "నాయనా, నీ పేరుకు సిగ్గుపడలేదు. ఎవరన్నా నవ్వుతారేమో అని జడుసుకున్నా" అన్నాడు.

"అవి రెండూ ఒకటే అప్పా" అన్నా. బస్సెక్కాలనుకున్న సంగతి కూడా చెప్పేసినా. వాడు ఏడ్చినాడు. నేను ఏడవలా, అది గుర్తు పెట్టుకో.

తెల్లారి వాడే గడ్డపార పట్టుకొని పోయి రాయి పెకలించినాడు. కొత్త రాయి చెక్కతా ఉండారు. అక్షరాలు రోడ్డు అవతలి నుంచి కూడా కనపడాలని చెప్పినా.

పదిహేనో తేదీ గృహప్రవేశం. నువ్వు ముందురోజే రావాల. అయ్యవారు హోమం చేసినాక నువ్వు మలీద ముందర పెట్టుకొని ఫాతిహా చదివి చదివింపు చేయాల. రొట్టెలు నలిపి బెల్లం కలిపేది నా కోడలు నంజమ్మకు నేను చెప్తా. టీచరమ్మ వస్తాది, కోటు సాయిబును కూడా పిలిచినా. చదివింపు చూసి ఆయన ఏమన్నా అంటే నువ్వు మాట్లాడొద్దు, నాకు వదిలేయ్.

పాత రాయి మంచి రాయి, పారేయలా. బోర్లించి పెరట్లో బట్టలుతికే బండగా వేసినాము. ఇంట్లో చేరిన మరునాటి నుంచి నంజమ్మ ఆ ఉమేశప్ప వీపు మీద బట్టలు బాదతాది. నీ లుంగీలు మాసినవే తీసుకొని రా.

సొంత ఇంటికి పోయేవాడు,
ఉసేనప్ప