గెట్ డౌన్ అంటే దిగు

జూలై 8, సోమవారం
కరీంనగర్ సెంటర్‌లో కొత్త బ్యాచ్. పద్నాలుగు మంది. అందరూ గల్ఫ్ పోయేవాళ్లే — సెంట్రింగ్, పైపుల పని, క్రేన్ కింద పని. ఇరవై ఒక్క రోజుల్లో వాళ్లకు ఇంగ్లీష్ రావాలి. నాకేమో పొద్దుటి నుంచి గొంతే రావడం లేదు. ఉప్పునీళ్లు పుక్కిలించి వెళ్లాను.
నోట్సులో ఆరో పేజీ. పోవడం, రావడం, ఎక్కడం, దిగడం. గో అవుట్, కమ్ ఇన్, గెట్ ఆన్, గెట్ డౌన్. ప్రతి బ్యాచ్‌లోనూ అడిగేదే అడిగాను. "బస్టాండు రాంగనే ఏం చేస్తం?" "గెట్ డౌన్ మేడం!" — అందరూ ఒక్క గొంతుతో. వెనక బెంచీలో నలభై దాటిన మనిషి ఒక్కడు మాత్రం నోరు తెరవలేదు. పేరు గంగన్న. భైంసా వైపు.

జూలై 9
కరెంటు లేదు. కారుకు గెట్ ఇన్, బస్సుకు గెట్ ఆన్. "రెంటికి ఎక్కుడే గదా మేడం, గీ తేడా ఎందుకు?" ఎందుకో నాకూ తెలియదు. నవ్వి ఊరుకున్నాను.

జూలై 11, గురువారం
ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఏమంటారో రాయమన్నాను. దాదాపు అందరూ 'ఐ గో అండ్ కమ్' అనే రాశారు. పోయొస్త. ఉత్త 'పోత' అని ఇంట్లో ఎవరంటారు? అయినా ఎర్ర పెన్నుతో కొట్టేసి, 'ఐ విల్ బి బ్యాక్' అని రాసి ఇచ్చాను. కొట్టేయబుద్ధి కాలేదు.

జూలై 12, శుక్రవారం
సొంత వాక్యాలు రాసుకు రమ్మన్నాను. గంగన్న అన్నీ రాశాడు. తప్పులున్నా బతికిన వాక్యాలు — 'మేస్త్రీ కమ్ బ్యాక్, వుయ్ స్టాండ్ అప్.' గెట్ డౌన్ పక్కన మాత్రం ఖాళీ. మరిచిపోయావా అంటే తల అడ్డంగా ఊపాడు.
క్లాసు అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగాడు.
"గా మాట నేను రాయ మేడం."
ఎందుకని అడిగాను. నిలబడే చెప్పాడు. ఇంతకుముందు గల్ఫ్ పోయినప్పుడు ఇతనూ, బోథ్ దగ్గరి పోశెట్టి అనే అతనూ ఒకే సైటులో పని. ఒక రోజు ఇద్దరూ ఎత్తున పరంజా పలకల మీద ఉన్నారు. క్రేన్‌కు వేలాడుతున్న పైపు గాలికి తిరిగి వాళ్ల మీదికి వచ్చింది. కింద నుంచి ఫోర్‌మన్ అరిచాడు — గెట్ డౌన్!
"నేను పాతోణ్ణి. వంగుమంటుండని తెల్సు. వంగిన. వాడు దిగుమన్నరనుకున్నడు. లేసి నిచ్చెన దిక్కు మర్రిండు. పైపు నడుముకు తాకింది."
ఇప్పుడెలా ఉన్నాడు?
"పానం ఉన్నది. నడుము కింద లేదు. ఇంటికాడ మంచంల ఉంటుండు."
బెంచీ వైపు చూస్తూ అన్నాడు: "వాడు గూడ గీడనే నేర్సుకున్నడు మేడం. మీ దగ్గర్నే."

జూలై 13
పాత రిజిస్టర్లు తీశాను. రెండేళ్ల కిందటి బ్యాచ్‌లో ఉంది పేరు. ఇరవై ఒక్క రోజులూ హాజరే. ఒక్క రోజు కూడా మానలేదు.
మొహం గుర్తుకు రావడం లేదు. ఎంత ఆలోచించినా…

జూలై 14, ఆదివారం
నిఘంటువు చూశాను — తెలియక కాదు, ఊరికే. రెండర్థాలూ ఉన్నాయి. దిగు. వంగు, కిందికి ఒదుగు.
నిజం ఇక్కడైనా రాయాలి. మొదట్లో నా నోట్సులో రెండూ ఉండేవి. సెంటర్ నడిపే సార్ చూసి, "ఒక్క మాటకు ఒక్క అర్థం చాలు మేడం, గడబిడ చేయకుర్రి" అన్నాడు. వాదించాల్సింది. ఆ రోజు కూడా గొంతు బాగాలేదు. తిరగరాసి జిరాక్సుకు ఇచ్చాను.
ఇంట్లో మా ఆయనకు చెప్తే చాయ్ తాగుతూ, "నీ తప్పేమున్నది? బస్సుల కండక్టర్ గూడ గదే అంటడు గదా" అన్నాడు. నిజమే. కండక్టర్ మాట విని ఎవరి నడుమూ విరగలేదు.

జూలై 16, మంగళవారం
ఆరో పేజీ మళ్లీ తీశాను. ఇంకో అర్థం ఉంది, మీదికి ఏదైనా వస్తుంటే అరిచే మాట అని బోర్డు మీద రాశాను. రాస్తే వంటబట్టదు, అందుకే ఉన్నట్టుండి గట్టిగా అరిచాను — గెట్ డౌన్!
పన్నెండు మంది నన్నే చూస్తూ కూర్చున్నారు. ఒకతను లేచి తలుపు వైపు రెండడుగులు వేశాడు. గంగన్న మాత్రం బెంచీ కింద ఉన్నాడు. రెండు చేతులూ తల మీద. వెంటనే లేవలేకపోయాడు.
ఎవరూ నవ్వలేదు. నేను వెళ్లి చేయి ఇచ్చాను. పట్టుకోలేదు. తనే లేచి ప్యాంటు దులుపుకున్నాడు.
అలా చేయకుండా ఉండాల్సింది. అతను ఉన్న గదిలో.

జూలై 17
మళ్లీ అరిచాను. ఈసారి ముందే చెప్పి, గంగన్నను బయట నిలబడమని. అందరూ వంగారు. మూడుసార్లు.

జూలై 18
సార్ పిలిచాడు. "గా డ్రిల్లేంది మేడం, కింద దుకాణపోళ్లు అడుగుతుర్రు." నెలాఖరుకు ఇంటర్వ్యూలట. స్వపరిచయం, జీతం మాటలు, అవి చాలట.
తలూపాను. ఎన్నోసారో.

జూలై 21, ఆదివారం
పోశెట్టి ఇంటికి వెళ్లొచ్చాను. నిర్మల్‌లో బస్సు మారి బోథ్. దారి పొడవునా పత్తి, సోయా, ముసురు. గంగన్న బస్టాండులో ఉన్నాడు, తన బండి మీద ఊళ్లోకి తీసుకుపోయాడు.
పోశెట్టి వయసు ముప్పై ఆరు. చూడగానే గుర్తుపట్టాను. ముందు బెంచీ, ఎప్పుడూ పెన్సిల్‌తో రాసేవాడు. నన్ను చూసి మంచంలోంచి ఒక చేత్తో లేవబోయాడు.
"కమ్ ఇన్ మేడం. సిట్ డౌన్ మేడం." తర్వాత భార్యతో, "లతా, మా ఇంగ్లీష్ మేడం. చాయ్ పెట్టు."
దారిలో కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. చాయ్ తాగాను. వానల గురించి మాట్లాడాం. తనే ఎత్తాడు. "నాకే చెవి మంచిగ లేకుండె మేడం. తప్పు ఇన్న. కంపెనోళ్లు గూడ కాగితంల గదే రాసిర్రు — చెప్పిన మాట ఇనలే, పైసలియ్యం అని. మీరు గంత మంచిగ నేర్పిర్రు, నేను ఇజ్జత్ తీసిన."
అప్పుడు చెప్పాను. గ్లాసు కింద పెట్టి. "పోశెట్టీ, నువ్వు తప్పు ఇనలే. నేను చెప్పిందే ఇన్నవ్. గా మాటకు రెండర్థాలున్నయి. నేను ఒక్కటే చెప్పిన. రెండోది తెల్సి గూడ చెప్పలే."
పై కప్పు వైపు చూశాడు. తర్వాత తువ్వాల మొహం మీదికి లాక్కున్నాడు.
తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.
లత తలుపు దగ్గర నిలబడి అంతా వింది. "ఏడాదిన్నర సంది ఇంగ్లీష్ రాకనే పడ్డనని గోడకు చెప్పుకుంటుండు మేడం. ఊరంత గదే అంటున్నరు. గిప్పుడు మీరు గిట్లంటిరి." గొంతులో కోపమో, ఇంకేదో, తెలియలేదు. బండి దాకా వచ్చింది. అక్కడ అడిగింది: "గీ మాట కాగితం మీద రాసిస్తరా?"
రాసిస్తానన్నాను.

జూలై 22
బస్సు ప్రయాణానికి ఒళ్లునొప్పులు. క్లాసు తీసుకున్నాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

జూలై 23, మంగళవారం
కాగితం మీద సెంటర్ ముద్ర ఉంటేనే విలువ. సార్‌ను అడిగాను. కుర్చీలోంచి లేచాడు.
"మనం తప్పు నేర్పినమని మనమే రాసిస్తమా? రేపు ఎవలన్న వస్తరా గీడికి? గీ పద్నాలుగు మంది ఇంటర్వ్యూ ఏంగావాలె?" కొంచెం తగ్గి, "మీకు పానం బాగలేదు మేడం. జర ఆలోచించుకోండ్రి. వచ్చే బ్యాచ్‌కు వేరే మనిషిని చూస్త కావాలంటే" అన్నాడు.
మర్యాదగానే అన్నాడు. ఎప్పుడూ మర్యాదగానే అంటాడు.

జూలై 25
కాగితం సంగతి గంగన్నకు తెలిసిపోయింది. మెట్ల దగ్గర ఆపాడు. "నా ఇంటర్వ్యూ సోమారం మేడం. అప్పటిదాక ఆగరాదు?" కళ్లు కలపలేదు. పోశెట్టి గురించి చెప్పింది ఇతనే. ఆగమంటున్నదీ ఇతనే. తప్పు పట్టలేను. ఇంట్లో అందరికీ ఇతనే ఆధారం.
సరే అన్నాను.

జూలై 26, శుక్రవారం
పోశెట్టి ఫోన్ చేశాడు. మొదటిసారి. "లత ఏందో రాసిమ్మన్నదట గదా. వద్దు మేడం. మీ నౌకరి పోతది. నాకు తెల్సింది గదా, నా చెవి మంచిగనే ఉన్నదని. గంతే చాలు."
వెనక నుంచి లత అరుస్తోంది — "నీకు చాలు, నాకు చాలదు!"
ఫోన్ కట్టయింది. ఎవరు కట్ చేశారో.

జూలై 27
వంట చేయలేదు. మా ఆయన బయట నుంచి ఇడ్లీ తెచ్చాడు. కాగితం గురించి చెప్తే, "రాయి. కాని ముద్ర లేకుంట రాయి. నీ పేరు మీద రాయి" అన్నాడు. ఈయన ఇంత మాట అంటాడనుకోలేదు.

జూలై 28, ఆదివారం
పొద్దున కూర్చుని రాశాను. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఫలానా మాటకు నేను ఒక్క అర్థమే నేర్పాను, అతను నేర్చుకున్న ప్రకారమే కదిలాడు, మాట వినకపోవడం కాదు. నాలుగు వాక్యాలు. ఏడుసార్లు చింపాను. సంతకం పెట్టాను. సెంటర్ పేరు రాయలేదు. ముద్ర లేని కాగితం ఎక్కడ చెల్లుతుందో, చెల్లదో.
సార్‌కు రేపు చెప్పాలి. ఇంటర్వ్యూలు అయిపోయాక, సాయంత్రం. చెప్పాక ఎల్లుండి నుంచి క్లాసు ఉంటుందో, లేదో.
మధ్యాహ్నం లత ఫోన్ చేసింది. పోస్టులో వేయవద్దట, ఇంటికి వస్తే పోశెట్టి దాచేస్తాడట. తనే కరీంనగర్ వచ్చి చేతికి తీసుకుంటుందట. బుధవారం. అతనికి చెప్పకుండా.
"పొద్దుగాల్ల బస్సుకు వచ్చి మాపటికి పోత మేడం. రెండు గంటలకోపారి ఆయన్ని పక్కకు మర్లెయ్యాలె, లేకుంటె పుండ్లు పడ్తయి."
రమ్మన్నాను. అన్నం ఇక్కడే తినమన్నాను. ఫోన్ పెట్టేశాక తట్టింది — ఆ రోజంతా అతన్ని పక్కకు తిప్పేదెవరు? అడగలేదు. మళ్లీ చేసి అడిగితే, ఆగిపోతానంటుందేమో.