మాటలు పెట్టని మూడవ చరణం

చెల్లీ,

రేపు మన చర్చి ఆరాధనలో నీ చివరి పాట పాడబోతున్నారు కనుక ఈ సంగతి నీకు ఇప్పుడే చెప్పాలి. నీవు పోయి రేపటికి ఏడాది.

విశాఖ హోటళ్లలో జాజ్ పాడే నీవు సొంత పాటను ఎన్నడూ మాటలతో మొదలుపెట్టలేదు. నెల్లిమర్లలో మన ఇంటికి వచ్చినప్పుడు, బియ్యం ఏరుతూ ముందు కూనిరాగం తీసేదానివి. ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలిశాకే అక్కడికి సరిపడే మాటను వెతికేదానివి. "మాట ముందొస్తే రాగం దానికి కూలి సేస్తాది, అన్నయ్యా" అనేదానివి.

ఫోనులో నీవు పాడి ఉంచిన ఈ పాటలో రెండు చరణాలకు మాటలున్నాయి. మూడవదానికి కూనిరాగమే ఉంది. ఈరోజు సాధనలో, గాయక బృందాన్ని నడిపే మార్తమ్మత్త నా కీబోర్డు మీద చెయ్యి వేసి ఆపింది.

"ఒరే, సివర్న మాటల్లేవేటి? సంఘమంతా నోరెల్లబెట్టుకుని సూడాలా? నువ్వే రెండు ముక్కలెట్టెయ్."

"రాసింది నేను కాదు కదత్తా."

"రాసిన పిల్ల ఇంక రాదు కదరా" అని, వెంటనే నా భుజం నిమిరింది.

మధ్యాహ్నమంతా ప్రయత్నించాను. నేను పెట్టిన ప్రతి మాటా నీవు ఊపిరి తీసుకునే చోటును మూసేసింది. అందుకే రేపు ఆ చరణాన్ని కూనిరాగంగానే పాడిస్తాను. దానికి మాటలు అక్కర్లేదనుకున్నావో, వెతికే వ్యవధి నీకు చాలలేదో, నాకు తెలియదు.