పక్క వాటాలో పాప

చిట్టీ,

నువ్వు పోయాక మాచర్లలో మన పక్క వాటాలోకి దుర్గి నుంచి ఒక కుటుంబం దిగింది. వాళ్ల పాప లాస్యది నీ ఈడే. నీ సంగతి వాళ్లకు నేనెప్పుడూ చెప్పలేదు.

వేసవిలో ఆ పిల్ల రోజూ పొద్దున్నే వాంతులు చేసుకునేది. నడుస్తుంటే ఒక పక్కకు ఒరిగేది. ఇక్కడి డాక్టరు నీకిచ్చినట్టే పొట్టకు మందులిచ్చాడు. నేను వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని, "ఇది పొట్ట కాదమ్మా. రేపే గుంటూరు తీసకపోయి తలకి స్కానింగ్ తీపిచ్చు" అన్నాను.

తలలో గడ్డ ఉందన్నారు. పెద్దాసుపత్రిలో మంచం ఖాళీ అయ్యేదాకా వరండాలోనే పడుకున్నారట. చివరికి ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు.

ఇవాళ ఇంటికొచ్చారని తెలిసి చూడటానికి వెళ్లాను. గుండు మీద కుట్ల గీతతో పాప మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. నాకు సంతోషమూ కలగలేదు, ఏడుపూ రాలేదు.

"నీకెట్టా తెలిసింది అక్కా?" అని అడిగింది వాళ్లమ్మ.

"మా అమ్మాయికీ ఇదే వచ్చింది."

"ఇప్పుడెట్టా ఉంది?"

లాస్య తినటం ఆపి నా వైపు చూసింది.

"బాగుందమ్మా. హాస్టల్లో ఉండి చదువుకుంటంది" అన్నాను.

అమ్మ