నూట ఎనభై డిగ్రీలు

జులై 3
యాదగిరికి సన్మానమట. అల్వాల్‌లో. అణు ప్రమాదం జరిగితే గాలిలో విషం ఎటు, ఎంత దూరం పోతుందో లెక్కగట్టిన మేధావి అని కార్డులో అచ్చేశారు. సమీకరణాలు రాసింది నేను. నా కింద ప్రోగ్రాం టైపు చేసింది వాడు. కార్డు మీద చాయ్ కప్పు పెట్టాను.

జులై 4
ఫోన్ చేశాడు. "స్టేజి మీద కూసోవాలె సార్. కారు పంపిస్త."
మోకాళ్ళ నొప్పులన్నాను.
"గిట్లంటరనే మంచి కుర్చీ సుత చెప్పిన."
వెళ్తాను. మైకు ఇవ్వకపోతే లాక్కుంటాను.

జులై 6
ప్రసంగం రాసుకుంటున్నాను. ఆనాటి డ్రిల్లు — తూర్పు తీరంలో అణు కేంద్రం లీకైనట్టు ఊహ. గాలి తూర్పు నుంచి. విషపు మేఘం ఊళ్ళ మీదికి రావాలి. మా పటంలో సముద్రం మీదికి పోయింది. "చేపల్ని ఖాళీ చేయించాలా?" అన్నాడు డైరెక్టర్, అందరి ముందు. హెడ్ పదవి ఆ నవ్వుల్లోనే పోయింది నాకు.

వాతావరణం వాళ్ళు గాలి ఎటు నుంచి వస్తుందో ఇస్తారు. మాకు ఎటు పోతుందో కావాలి. నూట ఎనభై డిగ్రీలు తిప్పాలి, అంతే. యాదగిరి ప్రోగ్రాం తిప్పలేదు. ముప్పై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నాను. ఒక్కసారీ కాదనలేదు. దొంగకు మాటెక్కడిది?

జులై 8
సాక్ష్యం కోసం అటక మీది ట్రంకు దింపించాను. ప్రోగ్రాం ప్రింటు దొరికింది.
తిప్పుతోంది. మూడుసార్లు చదివాను. తిప్పుతోంది.

జులై 9
డ్రిల్లు ఫైల్లోని గాలి పట్టిక ట్రంకు అడుగున ఉంది. తూర్పు గాలికి తొంభై ఉండాలి. రెండు వందల డెబ్బై ఉంది. అప్పటికే తిప్పిన అంకె. ప్రోగ్రాం మళ్ళీ తిప్పింది. రెండుసార్లు తిప్పితే తిప్పనట్టే.
గుండ్రటి అంకెలు. మా ఆవిడ విశాలాక్షివి. నా రాత పాము పాకినట్టుంటుందని, నేను చదువుతుంటే తనే రాసేది. పోయి ఆరేళ్ళు.

జులై 10
గుర్తొస్తోంది. పొయ్యి మీద పప్పు.
"ఏమండీ, ఇవి తిప్పినవేనా, నేను తిప్పాలా?"
"చెప్పింది రాయి. నీకెందుకు?"
నేను తిప్పి చదివానా... తను తిప్పి రాసిందా...
పట్టిక తీసుకెళ్ళడానికి ఇంటికొచ్చింది యాదగిరే. విశాలాక్షి పెట్టిన పప్పన్నం తిని మరీ పోయాడు. ఆ రాత ఎవరిదో వాడికి తెలుసు.

జులై 11
పట్టిక తప్పని తెలిసే ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నావా అని ఫోన్ చేసి అడిగాను.
"ఆ ముచ్చట ఇప్పుడెందుకు సార్. పదింటికి కారొస్తది. ఏసీ ఉంటది, శాలువా తెచ్చుకోండ్రి."
జాలి చూపిస్తున్నాడు, వెధవ.

జులై 12
కారు వచ్చింది. ప్రసంగం చింపలేదు. పట్టిక మడిచి దానితోపాటే జేబులో పెట్టాను. పట్టిక తీస్తే విశాలాక్షి చేతిరాత నలుగురిలో పడుతుంది. నేనే తిప్పి చదివానని చెప్పొచ్చు. అది నిజమో కాదో...
హారన్. వస్తున్నానయ్యా—