పూజ నాడు ఆగిన లాగ్

అమ్మిరాజు బాబాయికి,

మీరు సెలవు పెట్టి ఆరంగ్ ఊళ్లో అక్క ఇంట్లో హాయిగా ఉన్నారు. ఇక్కడ మిల్లులో మీ సర్వర్ పని కూడా నా మీద పడి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. మీరు ఫోన్ ఎత్తరు కాబట్టి ఈ మెయిల్.

కాటా తూకాల్లో తేడా వచ్చిందని మేనేజరు సర్వర్ లాగ్ అడిగారు. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో రాసుకునే ఆ ఫైల్లో విశ్వకర్మ పూజ తర్వాత ఒక్క లైనూ లేదు. "ఇసీనే సబూత్ మిటాయా హై!" అని, సాక్ష్యం చెరిపేసింది వీడేనంటూ ఆయన కాటా ఆపరేటర్ చందు మీద విరుచుకుపడి, గేటు పాస్ లాక్కుని బయట నిలబెట్టారు.

డిస్క్ నిండిందేమో అనుకున్నాను, బోలెడు ఖాళీ ఉంది. పర్మిషన్లు సరిగానే ఉన్నాయి. లాగ్ రాసే సర్వీసును స్టార్ట్ చేయబోతే మొరాయించింది, ఎవరో సెట్టింగుల్లో అది లేవకుండా కట్టేశారు. అప్పుడు గుర్తొచ్చింది.

"మిషన్లన్నిటికీ ఇవాళ సెలవమ్మా. సర్వర్ ఆపితే గేటు హాజరు పోద్ది. పూజ రోజు మనం పెన్ను ముట్టుకోం కదా, దీని రాతైనా ఆపుదాం" అంటూ ఆ రోజు మీరే లాగ్ ఆపి, సర్వర్‌కి కుంకుమ బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టాక లాగ్‌ను మళ్లీ లేపడం మరిచిపోయారు. నేనూ అడగలేదు.

సాయంత్రంలోగా మీరే మేనేజరుకు ఫోన్ చేసి చెప్పండి. లేకపోతే నేను చెప్పేస్తాను, తర్వాత కోప్పడకండి.

ఇప్పుడే లాగ్ మొదలుపెట్టాను. మొదటి లైన్లో నా పేరుంది. దానికి ముందు, పూజ నాటి ఆఖరి లైన్లో మీ పేరుంది. చందు పేరు రెండింట్లోనూ లేదు. మనిషి మాత్రం ఇంకా గేటు బయటే నిలబడి ఉన్నాడు.

మీ అన్నయ్య కూతురు